కళాశాల విద్యార్థులు - దంతరక్షణము

గ్రామములయందలి పెద్దలారా,

ఈ సాయంకాలము నేను పండ్లను గుఱించి మాటాడదలచితిని. మీ పండ్లను గుఱించి కాదు. అవి ఉన్నవో ఊడినవో మీకే తెలియును. కాకినాడలోను, భీమవరములోను, రాజమహేంద్రవరములోను వసతిగృహములయందుండి చదువుకొనుచున్న మీ మనుమలు, మనుమరాండ్ర పండ్లను గుఱించి. వారికి మీరు రుసుములు కట్టుదురు, ఊరగాయలు పంపుదురు, పండుగకు వచ్చిన నాడు మార్కులెన్ని యని అడుగుదురు. నోరు తెఱచి చూపుమని అడిగిన తాతగారిని నేనింతవఱకు ఎఱుగను.

మన పూర్వుల కీ విషయమున అశ్రద్ధ లేదు. దినమునకు రెండుమారులు దంతధావనము చేయవలెనని చరకుడు విధించెను. నాలుక గీచుకొనుటకు బంగారు, వెండి, రాగి మొదలగు లోహముల బద్దలను చెప్పెను. పుల్ల పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును ఉండవలెననియు, చేదు జాతిలో వేపయు, వగరు జాతిలో చండ్రయు శ్రేష్ఠములనియు సుశ్రుతుడు నిర్ణయించెను. ఇందులో ఉదయపు పుల్లను మనము నిలుపుకొంటిమి, రెండవమారును విడిచిపెట్టితిమి. నేటి వైద్యులు రాత్రి తోముటయే ముఖ్యమందురు. నిద్రలో నోట ఉమ్మి ఊరుట తగ్గును. పండ్లను కడిగి కాపాడునది ఆ ఉమ్మియే. ఇక ఇటుకపొడి, బొగ్గుపొడి, కచ్చిక - ఇవి పంటిమీది పింగాణి పొరను అరగదీయును. ఆ పొర ఒకసారి పోయిన మరల పుట్టదు.

పిల్లల పండ్లు చెడుట కేమి కారణమని అడిగిన, తీపి తినుటచేత నని అందఱును చెప్పుదురు. అది సగము మాట. ఆత్రేయపురపు పూతరేకులు మీరును తింటిరి, నేనును తింటిని. నోటిలో కంటి కానరాని సూక్ష్మజీవులు కలవు. అవి చక్కెరను తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణిని కరగించును. ఒకమారు తీపి తగిలిన తరువాత నోరు మరల తేరుకొనుటకు సుమారు అరగంట పట్టును. భోజనముతో నాలుగు పూతరేకులు తిన్నవానికి ఆమ్లపు దెబ్బ ఒక్కటే. పరీక్షలకని రాత్రి పండ్రెండింటివఱకు మేలుకొని, గంటకొక తేనీరు, నడుమ చల్లని సీసా పానీయమును గుటకగుటకగా త్రాగువానికి ఆ దెబ్బ ఎడతెగదు. కావున ఎంత తీపి యన్నదానికంటె ఎన్నిమారులన్నది పెద్ద ప్రశ్న. పానీయము త్రాగినప్పుడు వెంటనే నీళ్లు పుక్కిలించిన కొంత మేలు.

కళాశాల వయస్సునకే ప్రత్యేకమైన ఆపద మఱియొకటి కలదు. పదునేడేండ్లు మొదలు ఇరువదియైదేండ్ల లోపల జ్ఞానదంతము మొలచును. పేరు గొప్పదే గాని దానికి దవడలో చోటు చాలదు. సగము బయలువెడలి, సగము చిగురుక్రింద నిలిచి, అందు అన్నపుమెతుకు చేరి చీము పట్టును. నా పూర్వశిష్యుని మనుమడొకడు ఇట్టి బాధను పదిదినములు దాచి, అంగడిలో నడిగిన మాత్రలు మ్రింగుచు పరీక్షలు వ్రాసెను. ఇంటికి వచ్చిన పిదప తాతగారు పన్ను తీయించిన కన్ను పోవునని అడ్డుపడిరి. వాపు మెడకు దిగి గ్రుక్క మ్రింగలేని స్థితిలో ఆసుపత్రికి గొనిపోయిరి. బ్రతికెను. క్రింది జ్ఞానదంతపు చీము మెడలోనికి దిగిన ఊపిరి మూసుకొనిపోవచ్చును. అది కొన్ని గంటల వ్యవహారము. పంటికిని కంటికిని సంబంధమున్నదన్న మాట వట్టిది. దవడ వాచి, నోరు తెఱచుకొనక, జ్వరము వచ్చిన నాడు మాత్రలతో కాలక్షేపము చేయరాదు.

ఇపుడు మీకు రుచింపని మాట చెప్పవలసియున్నది. మన గోదావరి లంకలు పొగాకునకు ప్రసిద్ధములు. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనాలయము రాజమహేంద్రవరమున వెలసినది. లంకపొగాకు చుట్ట లేని అరుగు మన చిన్ననాట లేదు. ఉత్తరాంధ్రమున చుట్టను అడ్డపొగగా, నిప్పు నోటిలోపలికి పెట్టి, కాల్చుట కలదు. అచ్చటి పల్లెలలో 10,169 మందిని పరీక్షించి, అంగిలిపై ఆ అలవాటు తెచ్చు మార్పులను వైద్యులు 1971లో ప్రకటించిరి. మన పిల్లలు చుట్ట ముట్టరు, నిజమే. వారి జేబులలో చిన్న పొట్లములున్నవి. అందు పోకచెక్క ఉండును, పొగాకును ఉండును. పొగాకు లేని పోకచెక్కయే చాలును: బుగ్గలోపలి మెత్తని పొర నారవలె బిగిసి, నోరు నానాటికి మూసుకొనును. ఆ బిగువు వచ్చిన తరువాత పూర్తిగా పోదు; కొందఱికది పుండై ముదురును. పోకచెక్క స్వయముగా క్యాన్సరు కారకమని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధక సంస్థ 2004లో ప్రకటించినది. విద్యాలయమునకు నూఱు గజముల లోపల పొగాకు వస్తువు లమ్మరాదని, పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మనే రాదని 2003 నాటి చట్టము. ఆ నూఱు గజములను కొలిచి చూచువారెవ్వరు? ఊరిపెద్దలు చూడవచ్చును. చుట్ట కాల్చుచు చెప్పిన మాట పిల్లవాని చెవి కెక్కునా యన్నది మీరే ఆలోచింపుడు.

దెబ్బల మాట త్వరగా ముగించెదను. సీసామూతలను, కొబ్బరిపీచును పండ్లతో లాగుట మన కోనసీమ పిల్లల కొక ప్రతాపము, మాన్పింపుడు. మోటారుసైకిలుమీద ముఖమంతయు కప్పు శిరస్త్రాణము దవడను గూడ కాచును. ఆటలో గాని ప్రమాదములో గాని పెద్దపన్ను సమూలముగా ఊడి పడినచో పారవేయకుడు. తెల్లని పైభాగమును పట్టుకొని, వేరును తాకక, రుద్దక, మురికి యున్నచో శుభ్రమైన నీటితో ఒక్కమారు తొలిపి, ఆ గుంటలోనే మరల నిలుపవలెను. సాధ్యము కానిచో చల్లని పాలలో వేసి గంటలోపల వైద్యుని చేర్చవలెను. ఎంత త్వరగా చేరిన అది నాటుకొను ఆశ అంత హెచ్చు. పాలపండ్లకు మాత్ర మిది పనికిరాదు.

ఖర్చునకు వెఱవకుడు. భీమవరమున విష్ణు దంతవైద్య కళాశాలయు, రాజమహేంద్రవర ప్రాంతమున జి.ఎస్.ఎల్., లెనోరా దంతవైద్య కళాశాలలును ఉన్నవి. ఇట్టి కళాశాలలలో శిష్యులు గురువుల కనుసన్నలలో చికిత్స చేయుదురు. కాలము కొంత ఎక్కువ పట్టును, వ్యయము సాధారణముగా తక్కువ. సంతలో పటకారు పట్టుకొని కూర్చుండువానికి మాత్రము నోరు తెఱవకుడు. ఒకరి నెత్తురు తగిలిన పనిముట్టు ఉడికింపక మఱియొకరి నోట పెట్టిన కామెర్ల రోగము సంక్రమింపగలదు.

సంక్రాంతికి పిల్లలు వచ్చినపుడు వారి మూడు వ్రేళ్లు నిలువుగా నోటిలో పట్టునేమో పెట్టి చూపుమనుడు. పట్టనిచో కనుమ వెళ్లినంతనే బండి ఎక్కింపుడు.