గజం పొడవా? వైశాల్యమా?



చతురస్రానికి నాలుగు భుజాలూ సమానం. భుజాన్ని నాలుగుతో హెచ్చవేస్తే చుట్టుకొలత వస్తుంది. భుజాన్ని భుజంతోనే హెచ్చవేస్తే వైశాల్యం వస్తుంది. ఇవి మీరు ఇక్కడి బడిలో ఇంగ్లీషులో నేర్చుకున్నవే. అయినా మాటల లెక్క ఇస్తే చాలామంది తడబడతారు. హెచ్చవేయడం రాక కాదు, మాటను సరిగా చదవక.

ఊరినుండి తాతయ్య ఫోను చేసి, "మనకు నలుచదరంగా 121 గజాల స్థలం ఉంది. చుట్టూ కంచె వేయించాలి. ఎన్ని గజాల కంచె కావాలో చెప్పు" అన్నారనుకోండి. మీరు వెంటనే 121ని 4తో హెచ్చవేసి 484 అంటారా? అలా అంటే తాతయ్య కావలసినదానికి పదకొండు రెట్లు కంచె కొంటారు!

పొరపాటు ఎక్కడ ఉంది? గజం అంటే మూడు అడుగుల పొడవు. కాని మనవాళ్ళు స్థలం గురించి చెప్పేటప్పుడు 'చదరపు' అనే మాటను వదిలేసి, ఉత్త 'గజాలు' అంటారు. తాతయ్య చెప్పిన 121 వైశాల్యం. కంచెకు కావలసినది చుట్టుకొలత. ముందు భుజం కనుక్కోవాలి. 11ను 11తో హెచ్చవేస్తే 121. కనుక భుజం 11 గజాలు, కంచె 44 గజాలు.

తెలంగాణ పల్లెల్లో ఈ 121 చదరపు గజాలనే గుంట అంటారు. 40 గుంటలు ఒక ఎకరం. న్యూజిలాండులో ఒకప్పుడు ఇంటిస్థలానికి పేరుపొందిన కొలత పావు ఎకరం, అంటే 10 గుంటలు. 1976 నాటికి ఈ దేశం మెట్రిక్ కొలతలకు మారింది. ఆ కొలతలో గుంట సుమారు 101 చదరపు మీటర్లు.

ఇంకొక లెక్క చూడండి. 22 గజాల భుజంగల చతురస్రపు చేను ఉంది. అది నాలుగు గుంటలు. చుట్టూ కంచెకు 88 గజాలు చాలు. నలుగురు అన్నదమ్ములు దానిని తలా ఒక గుంట చొప్పున, నాలుగు చతురస్రాలుగా పంచుకున్నారు. మధ్యలో నిలువుగా 22, అడ్డంగా 22 గజాల కంచె కావాలి. మొత్తం 132 గజాలు. భూమి పెరగలేదు, ఖర్చు పెరిగింది!

రేపు ఆటస్థలంలో పది మీటర్ల భుజంతో ఒక చతురస్రం గీయండి. అది దాదాపు ఒక గుంట. గీత వెంట నడిస్తే చుట్టుకొలత, లోపల ఉన్న పచ్చిక వైశాల్యం. ఏ లెక్క వచ్చినా ముందు ఇలా అడగండి: నన్ను అడిగినది గీతనా, పచ్చికనా?