పలకల సీమనుండి పార్సెలు

మార్కాపురమనగానే మన పెద్దలకు జ్ఞాపకము వచ్చునవి రెండు: ఒకటి చెన్నకేశవస్వామి దేవళము, రెండవది పలక. ఎన్ని జిల్లాల పిల్లలు ఆ నేలలోని రాతిపై ఓనమాలు దిద్దిరో లెక్కలేదు. గనినుండి తీసిన రాతిని ఉలితో పొరలుపొరలుగా చీల్చి, అంచులు కత్తిరించి, నున్నగా తోమి, చుట్టును చెక్కచట్రము బిగించి ఊరూరికి పంపెడివారు. బడిపిల్లల సంచిలోనికి నోటుపుస్తకము వచ్చినది. రేకుపలక, ప్లాస్టికు పలక వచ్చినవి. రాతిపలక పని సన్నగిల్లినది. ఆ గనుల రాయి నేడును నేలకు పరచుటకు, గోడలకు అతుకుటకు దేశవిదేశములకు పోవుచున్నమాట నిజమే. కాని అది యంత్రములు, పెట్టుబడి గలవారి వ్యాపారము. వసారాలో కూర్చుండి చట్రములు బిగించిన కుటుంబమునకు అందులో దక్కునది కూలి మాత్రమే.

ఆ వసారాలోనివారు సెల్‌ఫోను ద్వారా నేరుగా హైదరాబాదులోను, బెంగుళూరులోను ఉన్న తెలుగువారికి తమ వస్తువును అమ్ముకొనలేరా? అమ్ముకొనగలరు. కాని అమ్ముట వేరు, అమ్మి మిగుల్చుకొనుట వేరు. ఈ రెండింటి నడుమనున్న దూరమును గురించియే నేడు శ్రోతలకు కొంత మనవి చేయదలచితిమి.

ఆన్‌లైను అంగడి పేరునకు క్రొత్తదేగాని తీరునకు క్రొత్తది కాదు. మన దేశపు తపాలాశాఖ 1877లోనే వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టినది. పత్రికలో ప్రకటన చూచి కార్డు వ్రాసి పడవేసినచో, తపాలాజవాను పుస్తకమో మందుసీసాయో తెచ్చియిచ్చి సొమ్ము పుచ్చుకొని పోవుచుండెను. నేటి ‘క్యాష్ ఆన్ డెలివరీ’ దాని మనుమడే. వస్తువును కంట చూడకయే, అమ్మువాని ముఖమెరుగకయే, మాటను నమ్మి కొనుట నాడును నేడును ఈ వ్యాపారమునకు మూలము. 2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అను ఇరువురు యువకులు బెంగుళూరులో ఒక ఇంటినుండి ఫ్లిప్‌కార్టును ఆరంభించినపుడు, వారికి వచ్చిన మొదటి ఆర్డరు మన మహబూబునగరమునుండియే. అడిగిన పుస్తకము వారివద్ద లేదు. పుస్తకముల అంగళ్ళు గాలించి, సంపాదించి పంపిరి. అంత పెద్ద సంస్థయు తొలినాళ్ళలో ఒక్క పార్సెలు కొరకు వీథులు తిరిగినదే.

ఇక ఏమి అమ్మవలెను? చాలమంది ఇక్కడనే తడబడుదురు. గిద్దలూరులో ఒక గృహిణి సూరతు చీరెల ఫొటోలను వాట్సాపులో బంధువులకు పంపి అమ్మనారంభించినదనుకొందము. 2015లో ఏర్పడిన మీషో వంటి సంస్థలు ఇట్టి అమ్మకమునకు త్రోవ వేసినవి. పెట్టుబడి అక్కరలేదు, సరుకును ఇంట నిలువయుంచ నక్కరలేదు. పని నేర్చుకొనుటకు ఇది మంచి బడియే. కాని అదే చీరె, అదే ఫొటో వేయిమంది చేతులలో నుండును. పది రూపాయలు తగ్గించినవారివద్దకు కొనువారు తరలిపోవుదురు. తనదనుటకు ఏమియు లేని వర్తకునకు ధర తగ్గించుట తప్ప వేరు ఆయుధము లేదు.

మార్కాపురము సీమకు తనవనుటకు వస్తువులున్నవి. కందులు, సజ్జలు పండు మెట్టనేల అది. కందిపొడి ఒక్కటి చాలును, పరదేశముననున్న తెలుగువాని నోరూరించుటకు. ప్రక్కనే నల్లమల. అందలి తేనెను చెంచులు తీయగా, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముచున్నది. అయితే అడవితేనె పేర పాకము అమ్మువారును తక్కువ కాదు గనుక, క్రొత్తవాడు నమ్మించుటకు చాలకాలము పట్టును. మా మట్టుకు పలకయే మేలనిపించుచున్నది. అది చెడదు, పులియదు, పురుగు పట్టదు; పైగా ఊరిపేరే దానికి ప్రకటన.

నేడు పలక కొనువారెవరని సందేహము రావచ్చును. బడి విడిచినను అక్షరాభ్యాసము పలకను విడువలేదు. బిడ్డ చేత ఓం నమః శివాయ దిద్దించు ఘడియలో ప్లాస్టికు పలకకు ఇష్టపడని తల్లిదండ్రులు నగరములలో ఎందరో కలరు. వారికి రాతిపలక దొరకు అంగడి మాత్రము కానరాదు. పలక, బలపము, గుడ్డసంచి కలిపి ఒక జతగా అమ్మవచ్చును. అదే రాతితో ఇంటిముందరి నామఫలకము, పూలకుండీలలో గ్రుచ్చు పేరుబిళ్ళలు, కాఫీగ్లాసు క్రింద ఉంచు బిళ్ళలు చేయవచ్చును. పెద్ద హోటళ్ళలో నల్లరాతి పళ్ళెముపై పలహారము వడ్డించు వాడుక విదేశములనుండి మన నగరములకును వచ్చినది. చీల్చుట, కత్తిరించుట, తోముట ఎరిగిన చేతికి ఇవి క్రొత్త విద్యలు కావు.

ఇప్పుడు లెక్క చూతము. అంకెలు ఊహకొరకు చెప్పునవే. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను. అమ్మకపు ధర 300 రూపాయలు. పలక జతకు అయిన ఖర్చు 80, పెట్టె, అట్ట, టేపు 30, రవాణా 75, అమ్మకపు వేదికకు ఇచ్చునది 35. మిగులు 80 రూపాయలు. బాగుగనే ఉన్నదనిపించును. ఐదు పార్సెళ్ళలో ఒకటి పగిలి తిరిగి వచ్చినదనుకొనుడు. పలక 80, పెట్టె 30, పోవుటకు 75, వచ్చుటకు 75. వెరసి 260 రూపాయలు నష్టము. నాలుగింటిమీద వచ్చిన 320 లో ఇది పోగా మిగిలినది 60, అనగా పార్సెలుకు పండ్రెండు రూపాయలు. రాత్రి పదిగంటలవరకు టేపు అంటించినందుకు ప్రతిఫలమది! ఆర్డర్ల సంఖ్యను చూచి సంతసించువారు ఈ తిరుగు పార్సెళ్ళ లెక్క వేరొక పుస్తకములో వ్రాసియుంచుట మంచిది.

కావున ఈ వ్యాపారమున మొదటి విద్య పెట్టె కట్టుట. రాయి పరచినట్లు పడుకొన్నపుడు పైబరువునకు విరుగును; మూల నేలకు తగిలినపుడు పెచ్చు లేచును. నాలుగు మూలలకు మడతపెట్టిన అట్ట తొడిగి, రెండువైపుల గట్టి అట్ట ఉంచి, పెట్టెలో కదలకుండ బిగింపవలెను. కట్టిన పెట్టెను నడుమెత్తునుండి నాలుగైదుమారులు గచ్చుపై పడవేసి, విప్పి చూడవలెను. పగిలిన పలక ఇంటిలో పగులుటయే మేలుగదా. ఇందులో మరియొక చిక్కున్నది. కొరియరువారు బరువునే కాక పెట్టె పరిమాణమును గూడ తూచుదురు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000 చేత భాగించుట వారిలో వాడుక. 32, 25, 5 సెంటీమీటర్ల పెట్టెకు 800 గ్రాములు వచ్చును. లోనిది 650 గ్రాములే యైనను 800 కే వెల కట్టుదురు. కాబట్టి రక్షణ తగ్గకుండ పెట్టె తగ్గించుటలోనే లాభమున్నది.

ఫొటో సంగతి క్లుప్తముగా చెప్పుదుము. ఉదయపు వెలుతురులో వసారాయే చాలును. పలక ప్రక్కన స్కేలు ఉంచి తీయవలెను. కొలతలు, బరువు వ్రాయవలెను. సహజమైన రాతిలో చారలుండునని ముందుగనే చెప్పినచో సగము తగాదాలు తీరును.

సొమ్ము విషయమునకు వత్తుము. 2016లో యు.పి.ఐ. వచ్చినపిమ్మట ముందుగా పుచ్చుకొనుట సులువైనది. వస్తువు చేరినపుడు ఇత్తుమనువారిలో కొందరు తలుపు తీయరు, కొందరు వద్దందురు. కొనువాడు పైకము ముందు పంపుటకు వెనుకాడుట తప్పు కాదు. ఎరుగనివానిని అతడేల నమ్మవలెను? అందుచేత మొదటి పాతిక పార్సెళ్ళు బంధువులకు, వారి బంధువులకు పంపి, చేరిన పెట్టె ఫొటో, వారి మాట తెప్పించుకొనుట మంచిది. ఆ ఫొటోలే తరువాత వచ్చువారికి హామీ.

చట్టమును గూర్చి రెండు మాటలు. అమెజాను, ఫ్లిప్‌కార్టు వంటి వేదికలపై రాష్ట్రము దాటించి అమ్మువారికి, అమ్మకము ఎంత స్వల్పమైనను, సాధారణముగా జి.ఎస్.టి. నమోదు అవసరము. స్వరాష్ట్రములోనే అమ్ముకొను చిన్నవారికి 2023 అక్టోబరు 1 నుండి ఈ నిర్బంధము సడలించిరి. మార్కాపురమువారికి ఇందు ఒక విచిత్రమున్నది. వారి పిల్లలు, బంధువులు అధికముగా నున్న హైదరాబాదు 2014 జూన్ 2 నుండి పరరాష్ట్రమే! కావున ఇంటివారికి పంపు పలకయు లెక్కకు ఎల్లదాటిన సరుకే. కందిపొడి, తేనె వంటి తినుబండారములకు ఆహారభద్రతా సంస్థవారి పదునాలుగంకెల సంఖ్య డబ్బాపై ఉండవలెను. ముందుగా కట్టిన సరుకుపై తయారుచేసినవారి పేరు, చిరునామా, పరిమాణము, గరిష్ఠ ధర ముద్రింపవలెనని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెప్పుచున్నవి. దీనిని భారమనుకొననక్కరలేదు. చిరునామాలో మార్కాపురమనియుండుట పలకకు ఎంత గౌరవమో చెప్పవలెనా!

వ్యాపారము పెంచుట ఎప్పుడు? ఆర్డర్లు వచ్చినపుడు కాదు, కొన్నవారు మరల వచ్చినపుడు. ఒక పండుగకు విజృంభించిన అమ్మకమును చూచి అప్పుచేసి రెండువేల పలకలు చట్రము కట్టించుట సాహసము. ఉద్యం నమోదు 2020 జూలైనుండి ఉచితముగా ఫోనులోనే జరుగుచున్నది. ముద్రా ఋణములు 2015నుండి ఉన్నవి. దొరకుచున్నదిగదా యని ఋణము తీసికొనుట మాకు సమ్మతము కాదు. మొదట రంపమునకు, తోముయంత్రమునకు తీసికొని, సరుకును మాత్రము వచ్చిన సొమ్ముతోనే కూడబెట్టుట క్షేమము. ఒక్క వేదికనే నమ్ముకొనుటయు అంతే. దాని రుసుము వారి చిత్తము. నేడున్నది రేపు మారవచ్చును. సొంత వాట్సాపు పుస్తకములో నేరుగా కొన్నవారి పేర్లు, బిడ్డల అక్షరాభ్యాసపు తేదీలు వ్రాసికొనువానికి, తమ్ముడో చెల్లెలో పుట్టినపుడు ఆ ఇంటినుండియే రెండవ ఆర్డరు వచ్చును.

విదేశములకు పంపదలచినవారు తపాలాశాఖవారి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములో విచారింపవచ్చును. అయితే 800 డాలర్లలోపు పార్సెళ్ళకుండిన సుంకపు మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న తీసివేసినదని మరువరాదు. సుంకమెంతో, దానిని ఎవరు చెల్లింతురో ముందుగా తేల్చుకొని ధర చెప్పవలెను. ఇంటివద్ద గిరాకీకి మాత్రము రెండు ఋతువులున్నవి. విజయదశమి ఆశ్వయుజమున, వసంతపంచమి మాఘమున వచ్చును. పలకలు అంతకు నెలముందే, భాద్రపదమునాటికి, పుష్యమాసమునాటికి, పెట్టెలలో సిద్ధమై యుండవలెను. పండుగ వారములో కొరియరు ఆలస్యమైనచో, మరునాడు చేరిన పలకను ఎవరు పుచ్చుకొందురు?