మన వీడియో వెతికినోళ్లకు దొరకాలె

ఈ సభకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి సంఘాల అక్కచెల్లెళ్లం వచ్చినం. ఇప్పుడంటే రెండు జిల్లాలయినయి గని, 2016 అక్టోబరు దాకా మనమంతా ఒక్క కరీంనగర్ జిల్లా వాళ్లమే. మన కష్టం ఒక్కటే, మన సరుకు తిప్పలు కూడా ఒక్కటే.

పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇంతకుముందే చదివిండ్రు. మేము అమ్మకం గురించి మాట్లాడుతం. అప్పు తెచ్చుడు మనకు వచ్చింది, సరుకు చేసుడు ఎప్పటినుంచో వచ్చు. అమ్ముడు దగ్గరనే ఆగుతున్నం. తొక్కు సీసా అమ్ముడుపోయినా పోకున్నా కిస్తు మాత్రం నెలనెలా కట్టాలె.

అందుకనే చాలా సంఘాలు ఫోనులో వీడియోలు తీసి యూట్యూబుల పెడుతున్నయి. వీడియోలు మంచిగనే ఉన్నయి. కాని చూసేటోళ్లు ఎవరు? మన ఆడబిడ్డలు, మన మరదండ్లు. కొనేటోళ్లకు అవి కనబడుతలేవు. ఎందుకంటే ఆ వీడియో పేరు "మా సంఘం కొత్త వీడియో" అని ఉంటది. కొనేటోళ్లెవరూ ఆ మాట కొట్టి వెతకరు గద.

వెతికినప్పుడు యూట్యూబ్ ముఖ్యంగా మూడు సంగతులు చూస్తది. అడిగిన మాటకు వీడియో పేరు, వివరణ, లోపలి విషయం సరిపోతున్నయా అన్నది ఒకటి. ఆ మాట కొట్టి వచ్చినోళ్లు వీడియో ఎంతసేపు చూసిండ్రన్నది రెండోది. ఆ విషయంల నమ్మదగ్గ చానలేనా అన్నది మూడోది. అంటే ముందుగాల మనం సరైన మాట పట్టుకోవాలె.

ఇక్కడనే మనకు ఒక చిక్కున్నది. మనం తొక్కు అంటం, విజయవాడ వాళ్లు పచ్చడి అంటరు, ఆవకాయ అంటరు. మనం గరిజెలంటే వాళ్లు కజ్జికాయలంటరు. మన మురుకులు వాళ్లకు జంతికలు. మన సర్వపిండిని ఇంకో ఊర్ల గిన్నప్ప అంటరు, తపాల చెక్క అంటరు. అట్లని మన మాట విడిచిపెట్టొద్దు. మన మాట ముందట పెట్టి, పక్కన వాళ్ల మాట రాయాలె. మస్తుమంది ఫోనుల తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలతోని కొడతరు. వివరణల ఆ రాత గూడ ఒక్కసారి పెట్టాలె.

జనం ఏ మాట కొడుతున్నరో తెలుసుకునుడు కష్టం కాదు. యూట్యూబ్ వెతికే డబ్బాల "సకినాలు" అని కొట్టి ఆగుండ్రి. కింద వరుసగా కొన్ని మాటలు వస్తయి. జనం ఎక్కువగ అడిగేవి అందుల ఉంటయి. వాటిల్లో మన వీడియోకు సరిపోయేది పేరుల పెట్టుకోవాలె. "మా సంఘం సకినాలు" అనేకంటె "సకినాలు విరగకుండా చుట్టుడు ఎట్ల, సంక్రాంతి సకినాలు, జగిత్యాల" అంటే వెతికినోళ్లకు దొరుకుతది. పేరు 100 అక్షరాలు దాటనియ్యదు, ఫోనుల మొదటి ముక్కనే కనబడుతది. కాబట్టి ముఖ్యమైన మాట మొదట్లనే ఉండాలె.

వివరణను చాలామంది ఖాళీగ విడిచిపెడుతున్నరు. మొదటి రెండు వరుసలల్ల ఏం చేసినం, ఏ ఊరు, ఎట్ల ఆర్డరు ఇయ్యాలె అన్నది రాయుండ్రి. తినే సరుకయితే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు వెయ్యుండ్రి, కొనేటోళ్లకు ధీమా. సిరిసిల్ల అక్కలు లంగాలు, నైటీలు చూపిచ్చినప్పుడు బట్ట ఏంది, కొలతలెంత, ఉతికితే ఎట్లుంటది అన్నది రాయాలె. ఊరికె "మంచి బట్ట" అంటే ఎవరికీ ఏం తెలువదు. ట్యాగుల మీద పొద్దంతా పెట్టుడు అవసరం లేదు. వాటి పని చానా తక్కువ అని యూట్యూబే చెప్తున్నది.

పైన కనబడే బొమ్మ, తంబ్‌నెయిల్ అంటరు, అది మన సరుకుదే ఉండాలె. వెలుతురుల తియ్యాలె, మీద రెండు మూడు మాటలే పెద్దగ రాయాలె. లోపల లేనిది బొమ్మల పెడితే చూసినోళ్లు వెంటనే ఎల్లిపోతరు. అట్ల ఎల్లిపోతే వీడియో ఇంకా కిందికి పోతది. స్వాగతాలు, సంఘం పేర్లు, పాటలు మొదట్లనే పెట్టకుండ్రి. సకినం చుట్టే చెయ్యి మొదటి క్షణాలల్లనే కనబడాలె. వీడియో పొడుగుంటే వివరణల సమయాలు వెయ్యుండ్రి. సున్నా నుంచి మొదలుపెట్టి కనీసం మూడు భాగాలు, ఒక్కొక్కటి పది సెకండ్లకు తక్కువ కాకుండ ఉంటే, చూసేటోళ్లు కావాల్సిన కాడికి సీదా పోతరు.

కాలం గూడ చూడాలె. సంక్రాంతి నాడు సకినాల వీడియో పెడితే ఏం లాభం? మూడు నాలుగు వారాల ముందే పెట్టాలె. తొక్కు వీడియో మామిడికాయ మార్కెట్టుకు రాంగనే పెట్టాలె. బట్టలది బతుకమ్మ, దసరా ముందట పెట్టాలె.

పల్లె మాటను ఎవరు చూస్తరని కొందరనుకుంటరు. మన మల్యాల మండలం లంబాడిపల్లిని చూడుండ్రి. శ్రీరాం శ్రీకాంత్ 2012ల మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' మన యాసతోనే దేశదేశాల తెలుగోళ్ల దగ్గరికి పోయింది. కూలి పని చేసుకున్న గంగవ్వ అందుల కనబడి, 2020ల బిగ్‌బాస్ నాలుగో సీజన్ దాకా పోయింది. వాళ్లు ఒక్కనాడు పైకి రాలేదు, ఏండ్లకేండ్లు ఆపకుండ చేసిండ్రు. మనకు అంత పేరు అక్కర లేదు. మన తొక్కు కావాల్సిన నూరుమందికి మన వీడియో దొరికితే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఒకాయన మన మీటింగుకొచ్చి, నెలనెలా పైసలిస్తే మీ వీడియోలు మొదటి నంబర్ల పెడత, వేల వ్యూస్ తెప్పిస్త అన్నడు. సంఘం నిధి నుంచి ఇద్దామని కొందరన్నరు. మేము వద్దన్నం, ఇయ్యాల గూడ వద్దనే అంటున్నం. మామూలు వెతుకులాటల మొదటి స్థానాన్ని యూట్యూబ్ అమ్మదు. ప్రకటనకు పైసలు కట్టొచ్చు, అది ప్రకటన అని రాసే చూపిస్తది. కొన్న వ్యూస్ యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. దొరికితే వాటిని తీసేస్తది, చానల్ మూసేసినా మూసేస్తది. ఆ వ్యూస్ ఒక్క సీసా గూడ కొనయి. సంఘం నిధిల ఉన్నది బీడీలు చుట్టిన, కుట్టు మిషన్ తొక్కిన మన చెమట పైసలు.

ఇంకో మాట. చానల్ ఎవరి పేరు మీదున్నది? వీడియోలు తీసే పిలగాని మెయిలు మీదుంటే, అతడు కొలువుకు పోయిన్నాడు మన చానల్ గూడ పోతది. చానల్ సమాఖ్య మెయిలు మీదనే ఉండాలె. ఇద్దరు బాధ్యులకు పాస్‌వర్డ్ తెలువాలె, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. వీడియోల సమాఖ్య ఫోను నంబరే వెయ్యాలె, ఏ అక్క సొంత నంబరు వెయ్యొద్దు. ముఖం చూపియ్యుడు ఇష్టం లేని అక్కను బలవంతపెట్టొద్దు. చేతులు చూపిచ్చినా సరుకు అమ్ముడుపోతది.

అందుకని ఈ సభల మూడు తీర్మానాలు చెయ్యాలని కోరుతున్నం. వ్యూస్ కొనుడుకు సంఘం నిధిల రూపాయి గూడ ఇయ్యొద్దు. చానళ్లన్నీ సమాఖ్య పేరు మీదికి మార్చాలె. ప్రతి నెల మీటింగుల పొదుపు లెక్క చూసినట్టే, యూట్యూబ్ స్టూడియోల జనం ఏ మాట వెతికి మన దగ్గరికొచ్చిండ్రో చూసి మినిట్స్ పుస్తకంల రాయాలె. ఏ మాటకు ఆర్డరొచ్చిందో అది గూడ పక్కన రాయాలె. వచ్చే యేడు వీడియో పేర్లు ఆ పుస్తకం చూసి పెట్టుకుందాం.