ఒకే పేరు, రెండు గుమ్మాలు

కుబర్నెటీస్ క్లస్టర్ల సదస్సు కదా, అధ్యక్షోపన్యాసం కొత్త వెర్షన్ల జాబితాతో మొదలవుతుందనుకున్నారు ప్రతినిధులు. అధ్యక్షురాలు కొత్తపల్లితో మొదలుపెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్తపల్లులు కోకొల్లలు. కవరు మీద మండలం, జిల్లా రాయకపోతే ఉత్తరం ఎటు పోతుందో చెప్పలేం. "దారులు వేయడం నేర్చుకున్నాం, చిరునామా రాయడమే ఇంకా రాలేదు" అన్నారామె. ఉపన్యాసం చివరిదాకా ఈ ఒక్క మాటనూ వదల్లేదు.

గూగుల్ 2014లో బయటపెట్టిన కుబర్నెటీస్ పేరుకు గ్రీకులో చుక్కాని పట్టేవాడని అర్థం. గోదావరి మీద సరంగు అంటాం. ఒక పడవకు ఒక సరంగు సరే, పది పడవలు కలిసి వెళ్ళాలంటే? పదింటి మీదా ఒక పెద్ద సరంగును పెట్టాలని మొదట అందరికీ తోచింది. అదే ఫెడరేషన్. తొలి రూపం నిలవలేదు. మలిరూపమైన కుబ్‌ఫెడ్‌ను 2023లో ఆర్కైవ్ చేశారు. ఆమె ఈ చరిత్రను రెండు నిమిషాల్లో దాటేశారు. అక్కడ కాస్త ఆగి ఉంటే బాగుండేది.

ఆగింది మాత్రం గేట్‌వేల దగ్గర. ఫ్లానెల్ నమూనా ఫైల్లోని పాడ్ ఐపీల శ్రేణి 10.244.0.0/16ను మార్చకుండా వాడినవాళ్ళు చేతులెత్తమన్నారు. హాల్లో సగం చేతులు లేచాయి. అలా కట్టిన రెండు క్లస్టర్లను నేరుగా కలిపితే ఇక్కడి పాడ్ ఐపీ, అక్కడి పాడ్ ఐపీ ఒకటే కావచ్చు. అందుకే ఒక్కో క్లస్టర్‌కు ఒక గుమ్మం. క్లస్టర్లను కలిపే సబ్‌మెరైనర్‌లో ఆ గుమ్మం గేట్‌వే నోడ్. అది అవతలి గేట్‌వేతో ఐపీసెక్ సొరంగం వేసుకుంటుంది. ఆ నోడ్ పడిపోతే అందుకోవడానికి ఇంకో నోడ్‌ను సిద్ధంగా ఉంచుకోవచ్చు. ఐపీలు ఢీకొనేచోట సబ్‌మెరైనర్‌లోని గ్లోబల్‌నెట్ వేరే ఐపీలు కేటాయిస్తుంది. ఇస్టియో తూర్పు-పడమర గేట్‌వే పద్ధతి వేరు. 15443 పోర్టులోకి వచ్చిన గుప్తీకరించిన సంభాషణను అది విప్పదు, ఎస్‌ఎన్‌ఐలోని పేరు చూసి లోపలికి పంపుతుంది.

గట్లన్నీ చెరిపేసి ఒకే చదును నేల చేద్దామనే వర్గానికి ఇక్కడే చురక పడింది. "మధ్యలో గుమ్మం లేకపోతే వేగం వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ విలీనమైన రెండు కంపెనీల నెట్‌వర్కుల మీద ఒక్క వారం పనిచేసినవాళ్ళు ఆ మాట అనరు." ముందు వరుసలో ఒకరిద్దరు తల దించుకున్నారు.

అసలు తగవు పేర్ల మీద. మల్టీక్లస్టర్ సర్వీసుల ఏపీఐలో పని చాలా తేలిక. ఒక క్లస్టర్‌లో సర్వీస్‌ఎక్స్‌పోర్ట్ రాస్తే మిగతా క్లస్టర్లలో సర్వీస్‌ఇంపోర్ట్ తనంతట తానే పుడుతుంది, క్లస్టర్‌సెట్.లోకల్ కింద పేరు దొరుకుతుంది. ఒకే నేమ్‌స్పేస్‌లో, ఒకే పేరుతో రెండు క్లస్టర్లు ఎగుమతి చేస్తే ఆ రెండూ ఒకే సర్వీసు కింద లెక్క. పోర్టు వివరాల్లో తేడా వస్తే ముందుగా పుట్టిన ఎగుమతి మాటే చెల్లుతుంది.

ఆ లెక్క ఒకసారి ఎలా తప్పిందో ఆమె చెప్పారు. అప్పట్లో ఆమె పనిచేసిన సంస్థలో ఎవరో పరీక్షల క్లస్టర్‌ను కూడా అసలు క్లస్టర్ల జట్టులో చేర్చారు. రెండు చోట్లా డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌లో "పేమెంట్స్" ఉంది, రెండూ ఎగుమతయ్యాయి. మూడో క్లస్టర్‌లోని బిల్లింగ్ పంపిన అభ్యర్థనల్లో కొన్ని పరీక్షల వైపు వెళ్ళాయి. అక్కడి ఉత్తుత్తి సర్వీసు అన్నిటికీ 200 అని జవాబిచ్చింది. ఎర్రదీపం ఒక్కటీ వెలగలేదు. డబ్బులు కట్టిన రసీదులున్నాయి, ఖాతాలో డబ్బు లేదు. మూడు గంటల తర్వాత లాగ్‌లో ఒక పరీక్షల పాడ్ పేరు కంటపడేదాకా ఎవరికీ అంతుచిక్కలేదు. ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఆ రాత్రి ఇంకా ఉంది.

లింకర్‌డీ మీద ఆమె అభిమానానికి కారణం ఇదే. లేబుల్ తగిలించిన సర్వీసుకు అది అవతలి క్లస్టర్‌లో ప్రతిబింబం తయారుచేస్తుంది, పేరుకు మూల క్లస్టర్ పేరు కలుపుతుంది. "ఈస్ట్"లోని "వెబ్" అవతల "వెబ్-ఈస్ట్". మనకు ఇంటిపేరు ఉన్నట్టే. రెంటినీ కలపాలనుకుంటే ఆ సంగతి మనమే విడిగా రాసుకోవాలి. ఆ చిన్న శ్రమ ఉండాల్సిందేనని ఆమె పట్టు. వందల సర్వీసులున్నచోట అది చిన్న శ్రమ కాదని సభలోంచి ఎవరో అన్నారు. ఆ మాటకు మరింత నిదానమైన జవాబు దక్కాల్సింది.

చివరి పది నిమిషాలూ ఎవరూ పట్టించుకోని పనికే. సర్వీస్‌ఎక్స్‌పోర్ట్ రాసే అధికారం ఆర్‌బ్యాక్‌లో ఎవరికి ఇచ్చారో చాలా జట్లు చూసుకోవు. పరీక్షల్లో ఎగుమతి ఉంటుంది, ఉపసంహరణ ఉండదు. ఎక్స్‌పోర్ట్ తీసేశాక అవతలి క్లస్టర్‌లో పేరు ఎంతసేపు నిలుస్తుంది, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు ఏమవుతాయి, వీటిని ప్రతి గేట్‌వే మీదా కొలిచి పట్టిక కట్టమని యువ ప్రతినిధులను అడిగారు. మధ్యాహ్నం గోష్ఠికి తన ల్యాప్‌టాప్‌లోనే రెండు కైండ్ క్లస్టర్లు సిద్ధంగా ఉంచానని చెప్పి, మొదటి వరుసను వాటి మీద కొలిచేవాళ్ళకు వదిలిపెట్టమన్నారు.