మాజీ సైనికుడి పింఛను: ఆలస్యమైన న్యాయం

కవాడిగూడ దాటి రాణిగంజ్ మీదుగా వెళితే సికింద్రాబాద్, ఆపైన కంటోన్మెంట్. సైన్యానికి ఇంత దగ్గరగా ఉన్న మనం మాజీ సైనికుల పింఛను కథ తెలుసుకోవాలి.

జవాను చాలావరకు నలభై ఏళ్ల లోపే, లేదా ఆ చుట్టుపక్కలే పదవీ విరమణ చేస్తాడు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ముందే ఉంటాయి. అందుకే ఒకే హోదా, ఒకే సర్వీసు ఉన్నవారికి ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛను ఇవ్వాలని మాజీ సైనికులు దశాబ్దాలు పోరాడారు. 2015లో జంతర్‌మంతర్ దగ్గర నిరాహార దీక్షలకు కూర్చున్నారు. ఆ నవంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2014 జూలై 1 నుంచి వర్తింపు, ఐదేళ్లకోసారి సవరణ.

2019 జూలైలో జరగాల్సిన ఆ సవరణ ఆగిపోయింది. మూడు నెలల్లో బకాయిలు చెల్లించమని 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం గడువు మీద గడువు అడిగింది. 2022 డిసెంబరులో గానీ సవరణకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలపలేదు. చివరికి 2023 మార్చిలో కోర్టే వాయిదాల తేదీలు రాసి ఇచ్చింది: కుటుంబ పింఛనుదారులకు ఏప్రిల్ లోగా, డెబ్బై దాటినవారికి జూన్ లోగా, మిగతావారికి 2024 ఫిబ్రవరి లోగా.

ఇది పాలనా వైఫల్యమే. హక్కుగా రావలసిన డబ్బు కోసం వృద్ధ సైనికుణ్ణి కోర్టు మెట్లెక్కించడం తప్పు.

మన వంతుగా ఒక పని చేద్దాం. మీ వీధిలో మాజీ సైనికులు, వీరనారులు (అమర జవాన్ల భార్యలు) ఉంటే, ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో నమోదు చేయడానికి తోడుండండి. సమస్య ఉంటే సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లండి.