మన ఆడపిల్లకు తల దించుకునుడు ఎవరు నేర్పిండ్రు?

(ఎల్బీ నగర్‌లో హాస్టల్ అమ్మాయిలు, ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు, సంఘాల కార్యకర్తల ముందు మేము మాట్లాడిన మాటల పాఠం)

 

నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ దిక్కు నుంచి వచ్చే బస్సులు మన పిల్లల్ని ఎల్బీ నగర్ చౌరస్తాలో దించుతాయి. అక్కడినుంచి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా బోర్డులే. కానిస్టేబుల్ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, డీఎస్సీ, బ్యాంకు, కంప్యూటర్. వాటి నడుమ ఇంకో రకం బోర్డు కూడా ఉంటది. స్పోకెన్ ఇంగ్లీషు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్. ఇన్ని రోజుల్లో ఆత్మవిశ్వాసం నేర్పుతమంటరు. ఆ పక్క గల్లీలోనే బ్యూటీ పార్లర్, అక్కడ తెల్లదనం అమ్ముతరు. ఒకరు మాట అమ్ముతరు, ఒకరు రంగు అమ్ముతరు. ఇద్దరు చెప్పేది ఒక్కటే: లోపం నీలోనే ఉన్నది, పైసలు కట్టు, సరిచేస్తం.

ఈ మాట అబద్ధమని చెప్పడానికే మేము ఇయ్యాల మీ ముందు నిలబడ్డం. మన పిల్లలో లోపం లేదు. పిరికితనం ఆమెకు పుట్టుకతో రాలేదు, నేర్పిండ్రు. నేర్పినదాన్ని మాన్పించవచ్చు. అయితే అది పిల్ల ఒక్కతే చేసే పని కాదు. ఇల్లు, వాడ, సంఘం కలిసి చేసే పని.

రంగుకు కులం ఎట్ల అంటుకున్నది?

మన మాటలనే చూడుండ్రి. అందంగా ఉన్న పిల్లను 'ఎర్రగ బుర్రగ ఉన్నది' అంటరు. నల్లని పిల్లను మెచ్చుకోవలసి వస్తే 'నలుపైనా కళ గల మొహం' అంటరు. ఆ 'అయినా' ఎందుకు వచ్చింది? మెచ్చుకుంటూనే క్షమించినట్టు లేదా? పెండ్లిచూపుల కాడ నలుపు అనలేక 'చామనచాయ' అని సర్దిచెప్తరు. పిల్ల నల్లగున్నదని ఇంకో తులం బంగారం అడుగుతరు. మన తల్లి మన బిడ్డను ముద్దు చేస్తే 'కాకి పిల్ల కాకికి ముద్దు' అని నవ్వుతరు.

నలుపు ఒక్క కులానిది కాదు. అగ్రకులాల్లో నల్లటోళ్లున్నరు, మన వాడల్లో తెల్లటోళ్లున్నరు. అయితే ఎండలో నాట్లేసి, కలుపు తీసి, రాళ్లు మోసిన ఒళ్లు కమిలిపోతది. నీడలో కూర్చుని లెక్కలు రాసుకున్న ఒళ్లు కమలదు. చాకిరీని నీచం చేసిన సమాజం చాకిరీ చేసే ఒంటి రంగును కూడా నీచం చేసింది. అగ్రకులం పిల్ల నల్లగ ఉంటే 'పాపం, నల్లగ పుట్టింది' అంటరు. మన పిల్ల నల్లగ ఉంటే 'వాళ్ల లెక్కనే ఉన్నది' అంటరు. మన పిల్ల తెల్లగ ఉంటే 'నువ్వు వాళ్ల లెక్క కనపడవు' అని పొగిడినట్టు తిడ్తరు. మూడు మాటల్లోనూ మాట్లాడేది కులమే.

దీని మీద వ్యాపారం కూడా నడిచింది. 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. నల్ల పిల్లకు ఉద్యోగం రాదు, పెండ్లి కాదు, ఇది రాస్తే రెండూ అయితయని ఏండ్ల తరబడి ప్రకటనల్లో చూపించిండ్రు. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపినంక నల్లజాతి ప్రజలు రోడ్లెక్కిండ్రు. ఆ వేడికి 2020లో కంపెనీ 'ఫెయిర్' అనే మాట తీసేసి 'గ్లో అండ్ లవ్లీ' అని పేరు పెట్టింది. పేరు మారింది, డబ్బా మాత్రం మన కిరాణా కొట్లలోనే ఉన్నది.

ఆ అమెరికాలోనే 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చిన్నపిల్లల ముందర బొమ్మలు పెట్టి అడిగిండ్రు. కొన్ని తెల్ల బొమ్మలు, కొన్ని నల్ల బొమ్మలు. ఏది మంచిది, ఏది చెడ్డది? నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నరు. మరి నీలాగ ఉన్నది ఏదంటే కొందరు ఏడ్చిండ్రు. వాళ్లు మూడు నుంచి ఏడేండ్ల ఈడు పిల్లలు. తెల్ల పిల్లలకో బడి, నల్ల పిల్లలకో బడి పెట్టడం తప్పని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశీలన కూడా లెక్కకు వచ్చింది. మనకు ఇందులో తెలుస్తున్నదేంది? పిల్ల తనను తాను తక్కువ చేసుకునుడు కాలేజీలో మొదలు కాదు. అంగన్‌వాడీలో ఎవరి పక్కన కూర్చోబెట్టిండ్రో, ఎవరి చేతి నీళ్లు తాగలేదో, అక్కడ మొదలైతది.

హాస్టల్ గదిలో ఏం జరుగుతున్నది?

ఈ ఏరియా హాస్టళ్లలో పిల్లలు మాతో చెప్పిన మాటలు మీకు చెప్పాలి. పట్నంలో కులం సూటిగా అడగరు. 'ఇంటిపేరేంది? ఊళ్లో మీ ఇల్లు ఏ దిక్కు?' అని అడుగుతరు. 'ర్యాంకు ఎంత? అంత ర్యాంకుకు సీటెట్ల వచ్చింది?' అని అడుగుతరు. ఇంటినుంచి పచ్చడి డబ్బా వస్తే ఏం పచ్చడని వాసన చూస్తరు. పండుగకు ఏం వండుకున్నరంటే పెద్దకూర తిన్న పిల్ల కోడికూర అని చెప్తది. ఆ చిన్న అబద్ధం చెప్పిన రోజునుంచి ఆ పిల్ల గదిలో తక్కువ మాట్లాడుతది. క్లాసులో వెనుక బెంచీకి పోతది. డౌటు ఉన్నా లేవదు. లేస్తే ఊరి యాస బయటపడుతది, ఇంగ్లీషు తడబడుతది. సెలవులకు ఊరొచ్చినప్పుడు మనం 'బిడ్డా, ఎట్ల చదువుతున్నవ్?' అంటే 'మంచిగనే' అంటది. కొందరు మళ్లీ హాస్టల్ మొహం చూడరు. 'పిల్లకు చదువు ఎక్కలే' అని మనం పెండ్లి చేస్తం. చదువు ఎక్కక కాదు, కూర్చోనియ్యక వచ్చింది.

చదువుకుంటూ బట్టల షాపులో పనికి కుదిరిన పిల్లలు ఇంకో సంగతి చెప్పిండ్రు. తెల్లగ ఉన్నోళ్లను కౌంటర్ ముందర నిలబెడ్తరట, నల్లగ ఉన్నోళ్లను లోపల చీరలు మడత పెట్టడానికి పంపుతరట. జీతం ఒక్కటే కావచ్చు. కానీ ఎవరు కనపడాలె, ఎవరు కనపడొద్దు అన్నది ఎవరో నిర్ణయించిండ్రు.

2023 ఆగస్టు 15 రాత్రి ఇదే ఎల్బీ నగర్‌లో పోలీసులు ఒక లంబాడా తల్లిని స్టేషన్‌కు పట్టుకపోయి కొట్టిండ్రన్న సంగతి మీరు మరిచిపోలేదు. అప్పుడు ఇద్దరు సిబ్బందిని సస్పెండ్ చేసిండ్రు. రాత్రిపూట రోడ్డు మీద ఒంటరిగా ఉన్న పేద ఆడమనిషి ఎట్లాంటిదో చూడంగనే తేల్చేసే చూపు ఒకటి ఉన్నది. మన పిల్లలు ఆ చూపు కింద నడుస్తున్నరు. 'ధైర్యంగ ఉండు బిడ్డా' అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదని అందుకే అంటున్నం.

ధైర్యానికి తాడు కావాలి

మలావత్ పూర్ణ పేరు మీ అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన దళిత పిల్లగాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో పాటు ఎక్కిండు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణను చూపించి 'ఆమె ఎక్కింది, నీకేమైంది?' అని ఇంట్ల పిల్లను తిట్టకుండ్రి. పూర్ణ ఎట్ల ఎక్కింది? గురుకులం అన్నం పెట్టింది. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చిండ్రు. డార్జిలింగ్‌లో, లడఖ్‌లో మంచులో నడిపించిండ్రు. తాడు ఇచ్చిండ్రు, తోడు ఇచ్చిండ్రు. అప్పుడు పిల్ల తన కాళ్ల మీద ఎక్కింది. తాడు లేకుండ ఎవరినీ కొండ ఎక్కుమనరు. మన పిల్లను మాత్రం ఏ తాడూ లేకుండ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో దించి వస్తున్నం.

వెనకటి చరిత్ర కూడా ఇదే చెప్తది. 1855లో పుణెలో ముక్తాబాయి సాళ్వే అనే 14 ఏండ్ల పిల్ల, మన మాదిగల వంటి మాంగ్ కులం పిల్ల, తన జాతి దుఃఖం గురించి వ్యాసం రాసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మా మతం ఏదని నిలదీసింది. ఆ నోరు ఎక్కడిది? జ్యోతిబా, సావిత్రిబాయి ఫూలేల బడిలో మూడేండ్లు కూర్చోబెట్టి చదివిస్తే వచ్చింది.

అంత దూరం ఎందుకు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి కోఠికి పోతుంటే ఇసామియా బజార్ వస్తది. 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి పెట్టింది అక్కడనే. మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి ఆయన. అంటరానోళ్లు అని పిలిస్తే కాదు, ఆది హిందువులం అని జాతికి పేరు పెట్టిండు. ఆడబిడ్డలను జోగినులుగా మార్చే దురాచారం మీద పోరాడిండు. సికింద్రాబాద్ దళిత బస్తీలో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి చదువుకొని, రాజకీయాల్లోకి వచ్చి, 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకర్ అయింది. గోగు శ్యామల ఆమె జీవితం రాసి పెట్టిన పేరు 'నేనే బలాన్ని'. 2003లో దళిత స్త్రీల రచనలు ఒక్కచోట చేర్చి 'నల్లపొద్దు' అని పేరు పెట్టింది కూడా శ్యామలనే. ఎవరో తిట్టుగ వాడిన నలుపును మన ఆడోళ్లు పుస్తకం అట్ట మీద పేరుగ రాసుకున్నరు. ఈ పుస్తకాలు మన పిల్లల హాస్టల్ పెట్టెల్లో ఉండాలె.

1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన దళిత మహిళల సభలో బాబాసాహెబ్ తల్లులకు చెప్పింది ఇదే. పిల్లలను చదివించండి, గొప్పోళ్లయితరని వాళ్ల మనసులో నాటండి, తక్కువోళ్లమన్న భావం తీసేయండి, పెండ్లికి తొందరపడకండి అన్నడు. ఆ మాటలు పిల్లలకు చెప్పలేదు, తల్లులకు చెప్పిండు. పని ఎవరిదో ఆయనకు తెలుసు.

మనం ఏం చెయ్యాలి?

ఒకటి. ఇంట్లో మాట మారాలి. 'కర్రిది', 'నల్లిది' అన్న పిలుపులు ముద్దుకైనా బంద్ చెయ్యాలి. పసుపు, శనగపిండి రాస్తే తేలుతవని చెప్పుడు బంద్ చెయ్యాలి. పిల్లకు పెట్టిన పేరుతో పూర్తిగా పిలవాలి. పటేలు 'ఏమే పోరీ' అన్నప్పుడు 'మా బిడ్డకు పేరున్నది' అని తండ్రే ముందు అనాలి. పిల్ల అది వినాలి.

రెండు. పని అప్పజెప్పాలి. కులం సర్టిఫికెట్‌కు మీ సేవకు పిల్లనే పోనియ్యాలి, తోడు ఉండుండ్రి కానీ ఫారం ఆమెనే నింపాలి. బ్యాంకు ఖాతా ఆమెనే నడపాలి. సంఘం మీటింగులో ఆమెను దరీలు పరచమని, పాట పాడమని మాత్రమే కాదు, మినిట్సు రాయమని, లెక్కలు చెప్పమని అడగాలి. పని చేసిన చేయికి నమ్మకం వస్తది.

మూడు. హాస్టల్ పిల్లలు వారానికి ఒకసారి కలిసి కూర్చోవాలి. ఆదివారం రెండు గంటలు చాలు. ఒక్కొక్కరు లేచి ఐదు నిమిషాలు తమ ఊరి గురించి, అమ్మ చేసే పని గురించి తమ యాసలోనే మాట్లాడాలి. యాసలో భయం పోయినంక ఇంగ్లీషులో. మాల అమ్మాయి, మాదిగ అమ్మాయి, ఉపకులాల అమ్మాయి, లంబాడా అమ్మాయి ఒక్క దరీ మీద కూర్చోవాలి. సీనియర్ పిల్లలు కొత్తగ వచ్చినోళ్లను చౌరస్తాలోనే ఎదురెళ్లి తీసుకరావాలి. మొదటి మూడు నెలలు ఏ పిల్లనూ ఒంటరిగ వదలొద్దు.

నాలుగు. అవమానం జరిగితే ఏడ్చి పడుకోవద్దు. ఆ రాత్రే రాసిపెట్టాలి: తేదీ, టైము, చోటు, అన్న మాట అన్నట్టు, పక్కన ఎవరున్నరు. దళితురాలిని అవమానించాలనే పదిమంది చూసేచోట అవమానించినా, కులం పేరుతో తిట్టినా, తిట్టినోళ్లు ఎస్సీ, ఎస్టీ కానప్పుడు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి పరిశోధించాలి. నాలుగు గోడల నడుమ, చూసేటోళ్లు ఎవరూ లేని చోట అన్న మాటకు ఈ సెక్షన్ నిలవదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని సాక్షి ముఖ్యం, పక్కన నిలబడే చెల్లె ముఖ్యం. 14566 నెంబరుకు ఫోన్ చెయ్యొచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి: 'నల్లది' అన్న ప్రతి మాటా ఈ చట్టం కిందికి రాదు. అయినా రాసిపెట్టిన కాగితం పట్టుకొని నలుగురు కలిసి ప్రిన్సిపాల్ ముందు నిలబడితే కేసు కాని మాటకు కూడా జవాబు చెప్పవలసి వస్తది.

ఐదు. తల్లిదండ్రులకు. పిల్ల 'నేను హాస్టల్‌కు పోను' అంటే కొట్టొద్దు, పెండ్లి సంబంధం చూడొద్దు. 'ఎవరు ఏమన్నరు?' అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆమెకు రెండు రోజులు పట్టొచ్చు. ఆగండి.

అమ్మలారా, మన పిల్లలు అద్దంలో చూసుకొని తెల్లగ ఉన్ననా, నల్లగ ఉన్ననా అని కొలుచుకునేటందుకు పట్నం రాలేదు. చదువుకునేటందుకు, నౌకరీ చేసేటందుకు, రేపు మండలాఫీసులో కుర్చీ మీద కూర్చొని మన దరఖాస్తు చదివేటందుకు వచ్చిండ్రు. కుర్చీ దాకా వాళ్లే నడుస్తరు. నడిచే దారిలో ఎనక తిరిగి చూస్తే మనం కనపడాలె. వచ్చే ఆదివారం నుంచే హాస్టల్ మీటింగులు మొదలు పెడుతున్నం. ఏ హాస్టల్‌లో ఎవరు ముందుంటరో ఇక్కడనే పేర్లు చెప్పి పోవాలె. ఎనక కూర్చున్న చెల్లెండ్లు ముందట లేవాలె.

జై భీమ్!