నడుముకు ఆసరా ఏది?

(కుట్టుపని చేసే స్త్రీల ఆరోగ్యంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. కోజికోడ్‌లో విజి, ‘పెణ్‌కూట్టు’ సంఘం నడిపిన ఆ పోరాటం ఫలితంగా 2018లో అక్కడి షాపుల చట్టాన్ని సవరించారు. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. ఈ సంగతి మా కుట్టు కేంద్రంలో సంబరంగా చెబితే, ఒకామె మిషను మీంచి తలెత్తకుండానే "కూర్చోలేక చస్తున్నామమ్మా, మాకు లేచే హక్కు ఇప్పించండి" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె కూర్చున్న స్టూలు మేం కొనిచ్చిందే.

కుట్టుమిషన్లు పంచడం మన సంస్థలన్నిటికీ అలవాటైన పని. బడ్జెట్‌లో మిషను రాస్తాం, కత్తెర, దారం కూడా రాస్తాం. దేనిమీద కూర్చుంటారో రాయం. ఇంట్లో ఏ పాత స్టూలో, నూనె డబ్బానో ఉంటుందిలే అనుకుంటాం.

వీపు ఆనించుకునే వీలులేని స్టూలు మీద కూర్చుని సూదివైపు వంగితే, నడుము దగ్గర వెన్నుకు సహజంగా ఉండే వంపు పోతుంది. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు, అంటే డిస్కులు, నలుగుతాయి. స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ 1960లలో మనుషుల డిస్కుల్లోకి సూది పంపి మరీ ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే వంగి కూర్చున్నప్పుడు అది బాగా ఎక్కువని తేలింది.

దీనికి ఖరీదైన కుర్చీలేమీ అక్కర్లేదు. వెనక ఆనుడున్న మామూలు చెక్క కుర్చీ చాలు. మోకాళ్ళు తుంటికంటే కాస్త కిందికి ఉండాలి, పాదాలు పెడల్ మీద పూర్తిగా ఆనాలి. నడుము వెనక పాతచీర మడత పెట్టుకోవచ్చు. సూది దగ్గర మంచి వెలుగుండాలి, చీకట్లో కుట్టే మనిషి ఇంకా వంగుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

చిక్కంతా ఇక్కడే. జాకెట్టుకింత అని కూలి కట్టేచోట, లేచిన ప్రతి ఐదు నిమిషాలూ ఆమె కూలిలోంచే పోతాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేసేవారికి కూర్చునే వసతి ఇమ్మంది. ఇంట్లో కూర్చుని కుట్టే స్త్రీ దాని కంటికి ఆనలేదు. ఇంటిపట్టున పనిచేసేవారికీ ఆరోగ్య రక్షణ సమానంగా ఉండాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక చేసింది. మన ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు.

మా కేంద్రంలో స్టూళ్ళు తీసేసి కుర్చీలు వేశాం. అది తేలిగ్గానే అయింది. రేటు పెంచమని ఆర్డర్లిచ్చే వ్యాపారితో మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం. లేచే హక్కు అడిగినామే ముందు నిలబడి మాట్లాడుతోంది.